పటేల్ తినని పప్పు

2011, ఎండాకాలం చివర. అప్పటికి జనగామ ఇంకా జిల్లా కాలేదు, వరంగల్ జిల్లాలోనే ఉండేది. నేను జిల్లా సర్వైలెన్స్ విభాగంలో ఎపిడెమియాలజిస్టును. ఒక ఊళ్ళో ఒక్కసారిగా జనం పడకేస్తే మందులిచ్చే డాక్టరు పని వేరు, ఆ రోగం ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వి తీసే నా పని వేరు. ఈ పని నాకు బాగా వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గనిపించలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎక్కడ చూసినా రోడ్ల మీద వంటావార్పు జరిగేది. బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, పెద్దా చిన్నా లేకుండా పక్కపక్కన కూర్చుని తినడం. నర్మెట్ట దారిలో ఒక ఊరివాళ్ళు, పక్క తండావాళ్ళు కలిసి అలాగే వండుకుని తిన్నారు. మర్నాడు సాయంత్రానికి ఊళ్ళో సగం ఇళ్ళలో వాంతులు, విరేచనాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంచాలు చాలక బెంచీల మీద కూడా సెలైన్లు పెట్టారు.

నేను వెళ్ళేసరికి ఊరు విచారణ చేసి తీర్పు కూడా ఇచ్చేసింది. దోషి మంగి. లంబాడీ మనిషి, ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వంటావార్పులో గరిటె పట్టింది ఆమే. బడి కమిటీ పెద్దమనిషి ఆరోగ్య కేంద్రం గేటు దగ్గరే నన్ను పట్టుకున్నాడు.

"గామెను బడి వంటకెళ్ళి తీసేస్తం మేడం. తప్పు వంటదేనని మీరు జర రాసియ్యుండ్రి, చాలు."

"రాసియ్యనీకె రాలే, తెలుసుకోనీకె వచ్చిన" అన్నాను. నెల్లికుదురు పక్కన పుట్టిన నాకు ఊరి మాటలో జవాబివ్వడం కొత్తేమీ కాదు.

మంగి చెట్టు కింద ఒక్కతే నిలబడి ఉంది. ఏడవడం లేదు, మండిపడుతోంది. "నేనే వండిన, నేనే తిన్న, నా పిల్లలు తిన్నరు. పప్పుల విషముంటె ముందుగాల నేను సావాలె గద అక్కా? బడి వంట పోతె నా పిల్లలనేసుకొని ఏడికి పోవాలె? మల్ల వలసేనా?"

ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ న్యాయం వేరు, రుజువు వేరు. మా లెక్కలో మొదటి మెట్టు అటాక్ రేట్. అంటే తిన్నవాళ్ళలో ఎందరికి జబ్బు చేసింది, తిననివాళ్ళలో ఎందరికి చేసింది అని పోల్చి చూడటం. ఇక్కడొచ్చింది చిక్కు. తినలేదన్న మనిషి ఒక్కడూ దొరకలేదు. ఆ రోజుల్లో వంటావార్పులో తినలేదనడమంటే ఉద్యమానికి వెన్ను చూపినట్టే. అందుకే పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ "తిన్న, మంచిగ తిన్న" అనే చెప్పారు. నలుగురూ మెచ్చే జవాబే చెప్పడాన్ని పరిశోధనల్లో సోషల్ డిజైరబిలిటీ బయస్ అంటారు. ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు నాకు నిద్ర వచ్చింది. అక్కడ మాత్రం ఒక ఆడమనిషి కూటి మీదికి వచ్చింది.

లోపలి మంచం మీద సమ్మిరెడ్డి పటేల్ ఉన్నాడు. ఊళ్ళో పెద్ద భూస్వామి, ఉద్యమంలో ముందు వరస మనిషి. మంచం చుట్టూ జనం.

"పటేలా, వంటావార్పుల తిన్నరా?"

"తినకేం? అందరి నడుమ కూసుండి తిన్న. ఫోటో గూడ పేపర్ల పడ్డది."

"పప్పెట్లుండె?"

"మంచిగనే ఉండె."

"ఏం పప్పు?"

ఆయన కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. "గదే... టమాట పప్పు."

మంగి వండింది మామిడికాయ పప్పు. ఆ పులుపుకు పళ్ళు పులిశాయని అప్పటికే బయటి బెంచీల మీద కొందరు చెప్పి ఉన్నారు. పరీక్ష చెయ్యాలని చెప్పి అందరినీ బయటికి పంపి తలుపు వేశాను.

"గది మామిడికాయ పప్పు, పటేలా."

ఆయన గోడకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "ముద్ద నోటిదాంక తీస్కపోయిన. ఫోటో దిగినంక ఆకు మలిచిన. తండోళ్ళు వండింది గొంతు దిగలే డాక్టరమ్మా. ఏం జెయ్యాలె?"

నాకు ఒళ్ళు మండింది. వెనకే గంతెయ్యాలన్నంత సంతోషం కూడా కలిగింది. తినలేదు, అయినా పడ్డాడు! రోగం మూలం వెతికే మనిషికి ఇంతకంటే విలువైన సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఏం తాగారని అడిగాను. అందరిలాగే ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళేనన్నాడు. మా ప్రశ్నల కాగితంలో ఉన్నది "తాగునీరు" అనే మాట. దానికి అందరూ నీళ్ళ సంగతే చెబుతున్నారు. కాగితం పక్కన పెట్టి మా అమ్మ అడిగినట్టు అడిగాను.

"మరి దూపకు?"

"దూపకా? షర్బతు. బరఫేసి సల్లగ చేసిండ్రు. గా ఎండకు ఎన్ని గిలాసలు తాగిన్నో నాకే ఎరుక లేదు."

తాగునీరు అంటే దొరకనిది, దాహాన్ని ఊరి మాటలో దూప అంటే దొరికింది. మళ్ళీ మొదటి నుంచి ఒక్కొక్కరినీ చాటుగా రెండే ప్రశ్నలు అడిగాను: ఏం పప్పు? దూపకేం తాగినవ్? పటేల్ లాగే పప్పు పేరు తెలియనివాళ్ళు ఇంకొందరు బయటపడ్డారు. పడకేసినవాళ్ళంతా షర్బతు తాగినవాళ్ళే. పొయ్యిల దగ్గర చెమటలు కక్కిన తండా ఆడవాళ్ళను షర్బతు కలిపిన డ్రమ్ము దాకా పిలిచినవాడు లేడు. వాళ్ళు తాము తెచ్చుకున్న బిందె నీళ్ళే తాగారు, అందరూ నిక్షేపంగా ఉన్నారు. షర్బతులో వేసిన బరఫ్ చేపల పెట్టెల్లో వాడే ఐసు. ఊక కింద కరగకుండా మిగిలిన గడ్డను కరిగించి హెచ్‌టుఎస్ సీసాలో పోశాను. నీళ్ళలో మలినం కలిస్తే నల్లబడే పరీక్ష అది. మర్నాటికి ఆ నీళ్ళు బొగ్గులా నల్లబడ్డాయి.

రిపోర్టులో షర్బతు అని రాశాను. మా రిపోర్టుల్లో రోగుల పేర్లుండవు, ఉండకూడదు కూడా. కానీ రిపోర్టు చదివి మనసు మార్చుకున్న ఊరిని నేనింతవరకు చూడలేదు. అందుకే పటేల్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "మీ సంగతి నా నోట రాదు. చెప్తరో చెప్పరో మీ ఇష్టం. చెప్పకుంటె మాత్రం మంగి పొయ్యి ఆరిపోతది."

బడి కమిటీ కూర్చున్న రోజు సెలైన్ సూది తీసిన చేతికి ఇంకా ప్లాస్టర్ ఉండగానే ఆయన వచ్చాడు. మంగి గోడ వారగా నిలబడి ఉంది. "నేను గా బువ్వ తినలే. అయినా పడ్డ. తప్పు వంటది కాదు, షర్బతుది" అన్నాడు.

"ఫోటోల తిన్నవ్ గద పటేలా?" ఎవరో వెనక నుంచి అడిగారు.

"ఫోటోలనే తిన్న."

మొదట ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు, మంగి తప్ప. ఆమె కొంగు సర్దుకుని బడి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా రంగం ఎంతో ముందుకు పోయింది. మురుగునీళ్ళను పరీక్షించి రోగం రాకను ముందే పసిగడుతున్నారు, క్రిముల జన్యువులు చదివి అది ఏ దారిన వచ్చిందో చెబుతున్నారు. కొత్త పరిశోధన పత్రం ఏది వచ్చినా ఇప్పటికీ ఆకలిగా చదువుతాను. శిక్షణకు వచ్చిన పిల్లలకు మాత్రం మొదటి పాఠం ఈ పప్పుదే చెబుతాను. తిన్నామన్న మాట నమ్మకండి, ఏం పప్పో అడగండి. అడిగేది వాళ్ళ మాటలో అడగండి.

వానలు పడ్డాక ఆ ఊరివాళ్ళు మళ్ళీ రోడ్డు మీద పొయ్యిలు పెట్టారు. నన్నూ పిలిచారు. గరిటె మంగిదే. పటేల్ వరసలో మొదట కూర్చున్నాడు. మంగి ఆయన ఆకులో అన్నం, పప్పు వేసింది కానీ అక్కడి నుంచి కదల్లేదు.

"ఏం పప్పో చెప్పు పటేలా."

ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఆ గుటక మేమంతా చూశాం.

"పుంటికూర." మా వైపు గోంగూర పేరు అదే.

"గట్టిగ చెప్పు" అంది మంగి. "డాక్టరమ్మకు ఇనవడాలె."

"పుంటికూర పప్పు!" అని రోడ్డంతా వినబడేలా అరిచి, ఆయన ఆకు ముందుకు జరిపాడు. "ఇంకింతెయ్యి."