గొర్లు ఒప్పుకున్న అండర్‌బ్రిడ్జి

నేను పుట్టింది సూర్యాపేటలో. మా ఊరికి రైలు లేదు. హైవే మీద బస్సుల హారన్లు వింటూ పెరిగిన పిల్ల, రైల్వే పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుగా చేరిందంటే మా చుట్టాలకు పెద్ద వేళాకోళం. రైలు నడుపుతావా అని అడిగేవారు. కాదు, రైళ్లు నిలబడే లైన్లు వేస్తాను అంటే ఇంకా నవ్వేవారు. కోదాడలో ఉండే మా మేనమామ ఓ పెళ్లి భోజనాల్లో పదిమంది వినేట్టు, "రైలు ఆగడానికి గూడా ఇంజనీరు కావాలంట! మన బస్సులు చూడండి, ఎవరూ చెప్పకపోయినా నడిరోడ్డు మీద ఆగుతాయి" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విస్తరి ముందు కూర్చునే ఆయనకు పాఠం చెప్పాను. పొద్దున్నే పట్నంలో ఉద్యోగాలకు పోయేవాళ్లకు మన దగ్గర బయల్దేరే రైలు కావాలి. అది సాయంత్రం వచ్చాక ఎక్కడో నిలబడాలి. ఇక్కడ చోటు లేకపోతే ఖాళీ పెట్టెలతో ఇంకో పెద్ద స్టేషనుకు పోయి, మళ్లీ ఖాళీగా రావాలి. ఆ తిప్పలు పడలేక రైలే వేయరు. "అల్లుళ్లను ఎంతమందినైనా పిలువు మామా, ముందు ఇంట్ల మంచాలెన్నున్నయో సూసుకోవాలె గదా" అన్నాను. ఆయన తల ఊపి ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాడు. ఒప్పుకున్నట్టో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

మిర్యాలగూడ అవతల పొలాల మధ్య, పాత పట్టాల పక్కన అలాంటి మూడు కొత్త లైన్లు వేసే పని నాకు అప్పగించారు. మట్టి పోయించడం, రోలర్ తొక్కించడం, కంకర పరిపించడం, స్లీపర్లు, పట్టాలు. ఎండకు నల్లబడ్డాను, గొంతు బొంగురుపోయింది, హాయిగా ఉన్నాను. నా జీవితంలో అంత తృప్తిగా నిద్రపోయిన రోజులు మరి లేవు. పేచీ వచ్చింది ఒక్క గొర్ల బాట దగ్గరే.

పట్టాలకు ఇవతల ఒక చిన్న పల్లె. అవతల వరి కోసిన మళ్లు, కాలువ నీళ్లు. ఆ పల్లెలో యాభై దాటిన ఒకామె తన మందను రోజూ పొద్దున అటు తోలుకుపోయి సాయంత్రం ఇటు తోలుకొచ్చేది. భర్త పోయాక మంద బాధ్యత ఆమెదే. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. అటూ ఇటూ చూసి, చెవి ఒగ్గి విని, ఒక్క అదిలింపుతో మందను పట్టాలు దాటించేది. అది తప్పే. కాకపోతే ఆమె అత్తగారి కాలం నుంచి నడుస్తున్న తప్పు. ఇకముందు అలా కుదరదు. కొత్త లైన్లలో ఏదో ఒక రైలు గోడలా నిలబడే ఉంటుంది. అందుకని పట్టాల కింద నుంచి ఒక అండర్‌బ్రిడ్జి కట్టాం. అది కాదంటే లారీలు తిరిగే రోడ్డు మీద కొన్ని మైళ్లు చుట్టి రావాలి.

"జీవాలు అండ్లకెళ్లి పోకుంటే నేనేం జెయ్యాలె బిడ్డా?" అని ఆమె మొదటి నుంచీ అడుగుతూనే ఉంది.

"ఎందుకు పోవు పెద్దమ్మా? నువ్వు పరేషాన్ గాకు. నేను కట్టిస్తున్న గదా!"

"నువ్వు కడ్తవ్. నడిశేది అవి" అనేది.

గొర్లు కొనే బేరగాడు అప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు. మొత్తం మందను ఒకేసారి పట్టుకుపోతానన్నాడు. పట్టుకుపోవడమంటే కోతకే. కొత్త లైన్లోకి రైలు వచ్చే రోజు దాకా చూస్తాననీ, గొర్లు దారి పట్టకపోతే ఇచ్చేస్తాననీ ఆమె అతనికి మాట ఇచ్చింది. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు ఆమె నా వైపు చూడలేదు. దూరంగా మేస్తున్న మంద వైపే చూసింది.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అండర్‌బ్రిడ్జిని పెళ్లిల్లులా తయారు చేయించాను. లోపల గోడలకు తెల్లటి సున్నం. నేలంతా పైపు పెట్టి కడిగించాను. పైన అక్కడొకటి ఇక్కడొకటి లైట్లు. మా మేస్త్రీ చూసి, "మేడం, గిండ్ల ఫంక్షన్ జేస్కోవచ్చు" అన్నాడు. నేను మురిసిపోయాను.

కొత్త లైన్లను చూసి సరే అనాల్సిన రైల్వే పెద్దాఫీసరు తనిఖీకి రెండు రోజుల ముందు పెద్దమ్మ మందను తోలుకొచ్చింది. ముందు నడిచే మేకపోతు అండర్‌బ్రిడ్జి నోటి దగ్గర ఆగింది. మంద మొత్తం ఆగింది. అదిలించింది, కదల్లేదు. కట్టె చూపించింది, కదల్లేదు. నేను వెనక నుంచి చప్పట్లు కొట్టాను, అరిచాను. ఆ అరుపు లోపలికి పోయి రెండింతలై తిరిగొచ్చింది. అంతే, మంద నిలువునా చీలి సగం పొలంలోకి, సగం కట్ట మీదికి పరుగెత్తింది. మేస్త్రీ, కూలీలు గొర్లను చంకన పెట్టుకుని లోపలికి మోసుకుపోతే, దించిన మరుక్షణం అవి వాళ్లకంటే ముందే బయట ఉండేవి. బుద్ధిలేని మనుషుల్ని గొర్ల మందతో పోల్చేవాళ్లు ఎవరూ, ఒక్క గొర్రెను కూడా దానికి ఇష్టంలేని చోటికి తోలి ఉండరు.

అలసిపోయి ఇద్దరం కంకర కుప్ప మీద కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చేట్టు ఉంది. "ఇంకేం జెయ్యాలె పెద్దమ్మా? గింత సాఫ్ జేయించిన!" అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయి గోడ వాసన చూసింది. నేల మీద చెయ్యి రాసి ముక్కు దగ్గర పెట్టుకుంది. బయటికొచ్చి, "ఇల్లు అలుకంగనె పండుగైతదా బిడ్డా?" అంది. "సున్నం కంపు గొడ్తాంది. ఆ లైట్ల కింద ఒక తాన తెల్లగ, ఒక తాన నల్లగ ఉంది. నల్లగున్నది వాటికి గుంత లెక్క అగుపడ్తది. గుంతల ఎవలన్న కాలు వెడ్తరా?"

తర్వాత తమ పద్ధతి చెప్పింది. కొత్త రైతు పొలంలో ఎరువు కోసం మంద ఆపాల్సి వస్తే, ముందు పాత దొడ్డి నుంచి నాలుగు గంపల పెంట తీసుకుపోయి అక్కడ చల్లుతారట. గొర్లు వచ్చి వాసన చూస్తాయి. మేం ఇంతకుముందే ఇక్కడ ఉన్నాం అనుకుని పడుకుంటాయి. "గీడ గూడ గట్లనే సల్లాలె. ఇయ్యాల సల్లి, లైట్లు బంజేస్తే, రేపు సూద్దాం" అంది.

ఎల్లుండి తనిఖీ. ఆఫీసరు సరే అంటే అదే రోజు రైలు కొత్త లైన్లోకి వస్తుంది. తనిఖీ అయ్యాక చల్లుకోవచ్చు కదా అనబోయాను. అప్పటికి రైలు బాటకు అడ్డంగా నిలబడి ఉంటుంది, బేరగాడు ఆమె వాకిట్లో ఉంటాడు. పైగా నన్ను నమ్మి ఆగిన మనిషి ఆమె. తిట్లు తింటే నేనే తింటాను గానీ ఆమె మందను కోతకు పంపలేను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కడిగించిన నేలను నేనే తొక్కించడానికి లేచాను.

ఆ మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో పెంట వచ్చింది. నా తెల్లటి గోడల మధ్య, నిగనిగలాడే నేల మీద పెద్దమ్మ గంపతో చల్లుకుంటూ నడిచింది, విత్తనాలు చల్లినంత శ్రద్ధగా. మేస్త్రీ ముక్కుకు తువ్వాలు కట్టుకుని నా మొహం చూసి నవ్వాడు. లైట్లు ఆర్పించి నేనూ ఒక గంప పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మేకపోతు మళ్లీ నోటి దగ్గర ఆగింది. తల వంచి వాసన చూసింది. అది ఒక్కసారి తుమ్మి, తన ఇంట్లోకి పోతున్నట్టు లోపలికి పోయింది. వెనక మంద మొత్తం ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయింది. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వాటి వెంట పరుగెత్తింది. నాకు మాత్రం కళ్లనిండా నీళ్లు. దుమ్ము అని మేస్త్రీకి చెప్పాను.

తనిఖీ రోజు ఆఫీసరు కొత్త లైన్లన్నీ కొలతలు వేయించి చూశాడు, తృప్తిగానే ఉన్నాడు. సాయంత్రం అయ్యేసరికి అండర్‌బ్రిడ్జి దగ్గరికి వచ్చాడు. రెండడుగులు వేసి ఆగి, తన బూట్లు చూసుకుని, "ఏమ్మా ఇది?" అన్నాడు. నేను దాచకుండా మొత్తం చెప్పాను. ఒక్క వారం టైమిస్తే, వాటికి దారి అలవాటయ్యాక నేనే కడిగిస్తానన్నాను. ఆయన ఏదో అనబోతుండగానే అవతలి నుంచి గంటల చప్పుడు వినిపించింది. మేత నుంచి మంద తిరిగొస్తోంది. తప్పుకునే చోటు లేదు. ఆఫీసరు ఫైలు నెత్తిమీద పెట్టుకుని గోడకు అతుక్కుపోయాడు. మంద ఆయన ప్యాంటుకు ఒళ్లు రాసుకుంటూ పోయింది. చివర వచ్చిన పెద్దమ్మ, "జర పక్కకుండు సారూ, చిన్న పిల్లలున్నయ్" అంది.

ఆమె వెళ్లాక ఆయన చొక్కా దులుపుకుని చాలాసేపు నవ్వాడు. వారం టైం తీసుకో గానీ, లైట్లు ఆర్పేస్తే మనుషులకు ఇబ్బంది, దగ్గర దగ్గరగా వేయించు, మధ్యలో చీకటి మచ్చలు పడవు అన్నాడు. అంత తేలిక సంగతి ఇంజనీరునై ఉండి నాకు తట్టలేదు.

కాసేపటికి మొదటి రైలు కొత్త లైన్లోకి నెమ్మదిగా వచ్చి, నేను గీయించిన గుర్తు దగ్గర సరిగ్గా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ మందను దొడ్లో వేసి అప్పుడే వచ్చి నా పక్కన నిలబడింది. తన బాటకు అడ్డంగా ఉన్న ఆ పొడవాటి రైలును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"బేరగాడు వచ్చిండా?" అని అడిగాను.

"పొద్దుగాలనే వచ్చిండు."

"ఏమన్నవ్?"

"నీ తాన ఇంకో నాలుగు గొర్లుంటే నాకే అమ్మి పో అన్న" అంది.