కల్లు తీర్పరి, మా మామగారు

మా మామగారు పోయారన్న కబురు నాకు నెమలి అనే ఊళ్ళో, పుట్టింట్లో ఉండగా అందింది. మా అత్తవారి ఊరు తిరువూరు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మా పాలేరు గుమ్మంలో నిలబడి, "పెద్దాయన పొద్దున్నే పోయారమ్మా, నిద్రలోనే," అన్నాడు. సుఖమైన చావే. అయినా బస్సులో ఏడుస్తూనే వెళ్ళాను. పక్కన కూర్చున్న ఆవిడ "మీ నాన్నగారా అమ్మా?" అనడిగితే అవునన్నాను.

కల్లు రుచి చెప్పడంలో ఆయన మాటకి తిరుగులేదని చుట్టుపక్కల పేరు. ఇది విని తాగుబోతనుకునేరు, కాదు. రెండు దొప్పలు దాటి ఆయన తాగగా ఎవరూ చూడలేదు. "తాగేవాడు వేరు, రుచి చూసేవాడు వేరు. తాగేవాడికి మూడో దొప్ప నుంచి అన్నీ మంచి కల్లే," అనేవారు.

ఏటా వేసవిలో ఒక పొద్దున మా మామిడితోటలో తీర్పు జరిగేది. రెడ్డిగూడెం, పెనుగొలను రైతులు తమ తాటిచెట్ల కల్లు తెచ్చేవారు. మాదీ ఉండేది. కల్లు గీసే అతను అన్నిటినీ ఒకేలాంటి మట్టి లొట్లలో పోసి వరసగా పెట్టేవాడు. ఏది ఎవరిదో అతనికి తప్ప తెలియదు. గెలిచిన ఊరికి బహుమానమేమీ లేదు, ఆ వేసవిలో ఎవరింట పెళ్ళయినా ముందు ఆ ఊరి కల్లే దించాలి. అంతే. ఆ మాత్రం దానికే బావలూ బావమరుదులూ మాటలు మానుకున్న ఏళ్ళున్నాయి.

ముందురోజు నుంచే మామగారు చుట్ట మానేసేవారు. ఊరగాయ ముట్టేవారు కాదు. తోటలో నీళ్ళు పుక్కిలించి, తాటాకు దొప్పలో కాస్త పోయించుకుని, నురగ అణిగేదాకా ఆగేవారు. గంజితేటలా పలచగా ఉందో లేదో చూసేవారు. ఆ తర్వాత వాసన, లేత ముంజె వాసన రావాలి. ఆఖర్న ఒక్క గుక్క నోట్లో తిప్పి, మింగి, కళ్ళు మూసుకునేవారు. ముందు తీపి, వెనక పులుపు, చివర కొంచెం వగరు. ఆ వరస తప్పిందో, పక్కన పెట్టేసేవారు. దొప్పలో మిగిలింది చెట్టు మొదట్లో పోసి, "నాలుకకి మొహమాటం ఎక్కువ, ముక్కునడగాలి," అనేవారు.

నా ముక్కు సంగతి ఆయన నా కాపరం మొదట్లోనే కనిపెట్టారు. వసారాలో కూర్చుని, వంటింట్లో ఆవకాయ జాడీ అడుగున బూజు పట్టిందని చెప్పాను. కొత్త కోడలు నా జాడీకి వంక పెడుతోందని మా అత్తగారు మూతి ముడిచారు. మామగారు లేచి వెళ్ళి జాడీలో అడుగంటా గరిటె దించి చూసి, పకపకా నవ్వారు.

ఎమర్జెన్సీ పెట్టాక వచ్చిన వేసవిలో, సరిగ్గా తీర్పు నాటికి ఆయనకి పడిశం పట్టింది. తోటలో అప్పటికే జనం చేరిపోయారు. మొదటి దొప్ప వాసన చూసి ఆయన తల అడ్డంగా ఊపారు. క్యారేజీ తీసుకొచ్చిన నన్ను దగ్గరికి పిలిచారు.

"అమ్మాయ్, ఇవాళ నా ముక్కు పనిచెయ్యట్లేదు. నువ్వు చూడు."

ఇంటి కోడలు మగాళ్ళ మధ్య నిలబడి కల్లు రుచి చూడటమా! మా ఆయన నేలచూపులు చూస్తున్నారు. "నాకేం తెలుసు మావయ్యా?" అన్నాను.

"తెలిసిందే చెప్పు. తెలియంది చెప్పకు," అన్నారు.

ఆయన చేసినట్టే చేశాను. పెదవి తడిసేంత పుచ్చుకున్నాను. మొదటిదాంట్లో తప్పు పట్టేందుకేం లేదు. రెండోది అప్పుడే ముంజె కొట్టినట్టు ఘుమఘుమలాడింది, ఆ మాటే పైకన్నాను. మూడోది ముక్కు దగ్గరికి రాగానే తెలిసిపోయింది.

"ఇందులో నిన్నటి మడ్డి వాసనుంది. కుండ సరిగ్గా కడగలేదు," అన్నాను.

కల్లు గీసే అతని మొహం వాడిపోయింది. "అది మనదేనయ్యా," అన్నాడు మెల్లిగా.

మామగారి పరువు నా నోటితోనే తీసేశాననుకున్నాను. పెనుగొలను రైతు మా అత్తగారి తమ్ముడు, నాకు బాబాయి వరస, మంచి మనిషి. ఆయనే అందుకుని, "పోనీలే బావా, ఆడపిల్ల మాటకేముంది? నీ పడిశం తగ్గాక మళ్ళీ చూద్దాం," అన్నాడు. ఒప్పేసుకుంటే గొడవే లేదు. మామగారు మాత్రం నావైపు తిరిగి, "ఇంకోసారి చూస్తావా?" అన్నారు.

చూశాను. మాట మార్చేద్దామని ఎంత అనిపించిందో మీకు చెప్పలేను. "అదే వాసన మావయ్యా," అన్నాను.

"అయితే మాది ఆఖరు. మరి రెండో లొట్టి ఎవరిది?"

"పెనుగొలను వాళ్ళదయ్యా."

"అదే మొదలు. మా కోడలు చెప్పింది, ఇంక తిరుగులేదు," అని కండువా దులుపుకుని లేచారు.

ఆ వేసవంతా ఇంటికి ఎవరొచ్చినా ఇదే కథ. "మా కల్లునే తీసిపారేసింది, చూశారా!" అని నన్ను చూపించేవారు. కొడుకు బి.ఏ. ప్యాసైనప్పుడు కూడా ఇంత చెప్పుకోలేదని మా అత్తగారి ఫిర్యాదు. మరుసటి ఏటి నుంచి తోటలో నాకూ ఒక దొప్ప మడిపించేవారు. మా నాన్న నన్ను అల్లారుముద్దుగా పెంచారు. కానీ నా మాట మీద తన పరువు పెట్టినవారు మామగారే. అది నాకు గర్వం, దాచుకోను.

పెద్ద దినం నాడు ఆయనకి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించాం. పక్కన చుట్ట పెట్టాం. పెనుగొలను బాబాయి తన చెట్ల కల్లు సైకిలుకి కట్టుకుని తెచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ లొట్టి విస్తరి పక్కన పెట్టబోయి, ఆగి, నా ముందుకి జరిపాడు. "చూడమ్మా," అన్నాడు.

చూశాను. ఎండలో కుదుపులకి కాబోలు, పులుపు ముందుకొచ్చేసింది. అంత పెద్దమనిషి ఏడుస్తున్నాడు, బంధువులంతా చూస్తున్నారు. బావుందనేస్తే ఎవరికి నష్టం? నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"పులిసిపోయింది బాబాయ్. ఇది ఆయనకి పెట్టకూడదు," అన్నాను.

మా అత్తగారు తలెత్తి నావైపు చూశారు. ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "వినపళ్ళేదట్రా? వెళ్ళి ఇంకోటి పట్రా. మీ బావ ఎంతసేపైనా ఆగుతారు," అన్నారు.

బాబాయి తడికళ్ళతోనే నవ్వి సైకిలెక్కాడు. విస్తరి అలాగే ఉంచాం. ఎవరూ తొందరపెట్టలేదు. అన్నం చల్లారిపోయింది. దాని పక్కన ఖాళీ తాటాకు దొప్ప పెట్టి, మేమంతా పెనుగొలను దారి వైపు చూస్తూ కూర్చున్నాం.