కెమెరా వెనక నిలబడ్డవాడు

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. చదివింది కంప్యూటర్లు. ఏదైనా తేడా వస్తే ముందు మిషన్లో తప్పు వెతకడం అలవాటు. ఇందులోనూ అలాగే వెతికాను.

తొంభైల చివర్లో నెల్లూరులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. వెనకటి సర్వేయర్లు ఉదయగిరి కొండను ఏ దారిన ఎక్కి కొలిచారో కంప్యూటర్ మీద చూపించడం మా ప్రాజెక్టు. నాది ఆత్మకూరు. నా జత ఖాజాది ఉదయగిరి. వాళ్ల నాయన చెక్క గరిటెలు చేస్తాడు.

కొండ మీద కూలిన బురుజు దగ్గర స్టాండు వేసి, ఖాజా కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ ఫొటోలు తీశాడు. వాటిని అతికిస్తే తెర మీద కొండంతా ఒక చుట్టు కనిపించాలి. కొత్త రీలు నేనే ఎక్కించాను. మిట్టమధ్యాహ్నం. పైన ఉన్నది మేమిద్దరమే. నేను వాడికి గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

“నువ్వు కూడా ఒకటి దిగరా” అన్నాను.

“రీలు దండగరా. నా మొహం యాడికి పోతాది? ముసిలోడివయ్యేదాకా చూసి చస్తావులే.”

ఆ వారమే ఆత్మకూరు రోడ్డులో లారీ గుద్ది ఖాజా చనిపోయాడు.

పలకరించడానికి వెళితే వాళ్లమ్మ ఒకటే అడిగింది.

“చిన్నప్పటి ఫొటో తప్ప ఏం లేదు నాయనా. హాల్‌టికెట్ మీద ఉండేదానికి సీలు పడి మొహమే తెలవడంలా. మరిచిపోతానేమోనని భయంగా ఉండాది. నీకాడ ఒక్కటన్నా ఉండాదా?”

లేదు. మా ఫొటోలన్నీ తీసింది వాడే.

కాలేజీ ల్యాబులో ఆ కొండ ఫొటోలు స్కాన్ చేసి అతికించాను. తూర్పున కోట గోడ మీద ఖాజా కూర్చుని ఉన్నాడు. ఆకుపచ్చ గళ్ల చొక్కా. ఆ రోజు వాడు వేసుకున్నది తెల్లది. స్కానర్ తప్పేమోనని నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చూశాను. అందులోనూ ఉన్నాడు. ఒక ఫొటో మీద ఇంకొకటి పడిందనుకుందామంటే, ఆ కొత్త రీలు మీద వాడిని ఎవరూ ఫొటో తీయనేలేదు.

ప్రింటు తీసుకెళ్లి వాళ్లమ్మకిచ్చాను. చొక్కా సంగతి ఎత్తలేదు. ఆమె చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి మడత విప్పని చొక్కా తెచ్చింది. ఆకుపచ్చ గళ్లు. జేబుకు మాత్రం నల్ల గుండీ. ఫొటోలోనూ అంతే.

“రంజానుకని కుట్టించినాం. వాడు పోయినాక టైలర్ తెచ్చిచ్చినాడు. తొడుక్కోకుండానే పోయినాడే అని ఏడస్తా ఉండాను నాయనా. తొడుక్కున్నాడు.”

ఫొటోలో వాడు సూటిగా కెమెరాలోకే చూస్తున్నాడు. ఆ క్షణాన కెమెరా మీద ఉన్న వేలు కూడా వాడిదే. నా గొడుగు కిందే ఉన్నాడు.