దోనెలో వేసిన తోట

మొన్న తాడేపల్లిగూడెంలో మా మనవరాలి బడివాళ్లు పెద్దవాళ్లందరినీ పిలిచి, ఈ ఏటినుంచి పాఠ్యప్రణాళిక మారుతోందని చాలాసేపు చెప్పారు. ఇకమీదట పిల్లలు చేస్తూ నేర్చుకుంటారట. వెనకవరుసలో విసనకర్రతో విసురుకుంటూ విన్నాను. నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఈ సంగతి నేను ఇంతకుముందే ఒకసారి విన్నాను, అదీ చుట్టూ నీళ్లున్న ఒక దిబ్బ మీద.

పంతొమ్మిదివందల ముప్ఫైలలో ఏలూరులో ఉంటూ బి.ఎ. ప్యాసై, ఉద్యోగాలన్నీ నాకంటే ముందు ప్యాసైనవాళ్లు పట్టుకుపోయారని తెలుసుకుని, కొల్లేటి లంకలో మా మేనమామ నడిపే బడిలో రెండో పంతులుగా చేరాను. మొదటి పంతులు ఆయనే. మూడో పంతులు లేడు. వానాకాలంలో బడి ఉన్న దిబ్బ తప్ప చుట్టూ అంతా నీళ్లే. పిల్లలంతా అవతలి పల్లెవాళ్లే; వాళ్ల కోసం బడికి ఒక తాటిదోనె ఉండేది. రెండు తాటిమొద్దులు తొలిచి జతకట్టిన ఆ దోనెను పొద్దున్నే నేను గెడతో తోసుకుపోయి, వాళ్లని ఎక్కించుకొచ్చేవాణ్ణి. నా డిగ్రీకి దొరికిన పనుల్లో కాస్త గాలి తగిలే పని అదొక్కటే. ఆ పిల్లల్లో చేపలు పట్టే ఒకాయన కూతురు ఉండేది. ఆ పల్లెలో నాలుగో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. ఎలాగైనా ఆ పిల్లను పంతులమ్మను చెయ్యాలని మామయ్య పట్టుదల.

ఆ ఏడు పైనుంచి ఉత్తరువు వచ్చింది. ప్రతి బడికీ తోట ఉండాలి, పిల్లల చేత సాగు చేయించాలి, లేకపోతే గుర్తింపు పోతుంది. రాసినవారు మెట్టప్రాంతంలో కూర్చుని రాసి ఉంటారు. మామయ్య మాత్రం, “మంచి మాటేరా. పుస్తకం ఒక్కటే చదువా? చేతులూ చదువుకోవాలి,” అన్నాడు. నేను కిటికీలోంచి నీళ్లు చూపించాను. ఆయన నీళ్లకేసి చూడలేదు, దోనెకేసి చూశాడు.

దోనెను సగం దాకా ఒండ్రుతో నింపి తోటకూర, బచ్చలి వేసి, మొక్కలు నలగకుండా దిబ్బకే కట్టేశాం. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. పిల్లలే రాలేదు. వాళ్ల ఊరి పడవలన్నీ చీకటితోనే వేటకు పోయేవి. ఆ పిల్ల తండ్రి ఒకనాడు దిబ్బ దగ్గర పడవ ఆపి, తోటను తేరిపార చూశాడు.

“ఆయ్, పంతులుగారండీ, మా పిల్లలకంటే తోటకూరకే చదువు బాగా అబ్బుతున్నట్టుందండి!”

“ఇన్‌స్పెక్టరుగారు చూసి వెళ్లేదాకానేనండీ. అంతవరకూ అమ్మాయిని పనిలో పెట్టకండి,” అన్నాడు మామయ్య.

“అలాగేనండి. కానండీ, ఊరికే కూకోబెడితే పిల్ల కూడా మొలకెత్తుద్దండి.”

ఇన్‌స్పెక్టరుగారు రాలేదు. తోటకూర ముదిరి గింజకట్టింది, మళ్లీ వేశాం. వానలు తగ్గుముఖం పట్టాక, ఒకరోజు ఆయన చెప్పాపెట్టకుండా వచ్చి అవతలి గట్టు మీద నిలబడి కేకేశారు. ఆయన్ని తీసుకురావడానికి మాకున్నది ఆ తోటే. దాన్నే తోసుకుపోయాను. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, బచ్చలి పాదు పక్కన గొంతుక్కూర్చుని, “ఇది పడవా, తోటా?” అన్నారు.

“మీరు దిగేదాకా పడవేనండి,” అన్నాను.

కొత్త ప్రణాళికను ఇంత శ్రద్ధగా అమలుచేసిన బడిని తాను చూడలేదని ఆయన మెచ్చుకున్నారు. తరవాత లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న చాపలు చూశారు. “పిల్లలేరండీ?”

మామయ్య కిటికీలోంచి దోనెను చూపించాడు. “దాంట్లోనే వచ్చేవారండి,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు మంచివారే. కళ్లజోడు తీసి తుడుచుకుని, గుర్తింపు ఇచ్చి, మళ్లీ తోటెక్కి వెళ్లారు.

ఆ సాయంత్రమే మామయ్య ఆకుకూరంతా పెరికి అవతలి పల్లెలో ఇంటింటికీ పంచి, మట్టిని కొల్లేట్లో పారబోశాడు. మర్నాడు గెడ ఆయనే పట్టాడు. అవతలి ఒడ్డున చిన్నపిల్లలు అరుచుకుంటూ దోనెలోకి దూకారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. ఒళ్లో సగం అల్లిన వల ఉంది.

“రామ్మా,” అన్నాడు మామయ్య.

“నేన్రానండి పంతులుగారూ. వల అల్లడం వచ్చేసిందండి నాకు,” అంది, పాఠం అప్పజెప్పినంత సంతోషంగా, వలను రెండు చేతులా ఎత్తి చూపిస్తూ.

మామయ్య వంగి దాన్ని పట్టుకుని చూశాడు. ముడులన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. “బాగా అల్లావమ్మా,” అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నేనడిగినా గెడ ఇవ్వలేదు.

మరుసటి ఏడు తోటల బదులు నూలు వడకాలని ఇంకో ఉత్తరువు వచ్చింది. ఉత్తరువుల లెక్కలో ఒక వానాకాలం ఏపాటిదని! పదేళ్ల పిల్లకు మాత్రం బాల్యం అయిపోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టదు.