పెద్దమ్మ మోసుకొచ్చిన బ్యాటరీలు

మా పెద్దమ్మ చేతికొకటి చొప్పున, ఒక్కోటి దున్నపోతు దూడంత బరువున్న రెండు బ్యాటరీలు పట్టుకుని మూడంతస్తులు దిగి, అడ్డమొచ్చిన ఆఫీసర్ని పక్కకు నెట్టి, ఊరి కరెంటును కూలిపోకుండా ఆపింది. తొమ్మిదో తరగతితోనే బడికి దండం పెట్టిన నా మాట నమ్మకపోతే మీ ఖర్మ.

ఆవిడ కరెంటు స్టేషన్లో స్టాండ్‌బై డీజిల్ యంత్రం ఆపరేటరు. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ ఆ యంత్రం ఊరికే నిలబడి ఉంటుంది. దాని నూనె వెచ్చగా, స్టార్టు చేసే బ్యాటరీలు నిండుగా ఉంచడం, ప్రతి మంగళవారం ఓసారి తిప్పి చూడడం పెద్దమ్మ పని. పంతొమ్మిదేళ్లుగా అదే.

కొత్త ఆఫీసరుకు అది కంటగింపు. తన మీటింగు హాల్లో ఇన్వర్టరు బ్యాటరీలు పాడైతే ఈ యంత్రం బ్యాటరీలు పీకించి పైకి మోయించుకుపోయాడు. పెద్దమ్మ వెనకే వెళ్లింది.

"ఊరికే పడున్నాయి కదమ్మా. ఆ మిషను తిరిగేదెప్పుడు, మీరు రిటైరయ్యాకా?"

హాల్లో నలుగురూ నవ్వారట. నేనుంటే ఒక్కడికీ పళ్లు మిగిలేవి కావు.

"ఊరికే ఉండడమే దాని డ్యూటీ సార్. పెద్ద స్టేషను ఒకటి ఆగిందంటే ఆ బరువంతా మిగతావాటి మీద పడుద్ది. అవీ తడబడి ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. ఆ లోపల మనం అందుకోవాలి."

"రేపు చూద్దాంలెండి."

"రేపటిదాకా మీ ఫ్యాను తిరక్కపోతే ఏం కాదు సార్."

బ్యాటరీలు తెచ్చి బిగించేసింది. సాయంత్రానికి మెమో చేతికొచ్చింది, ఆజ్ఞ ధిక్కరించినందుకు.

మర్నాడు పదకొండున్నరకు నది అవతలి పెద్ద స్టేషను ఉన్నట్టుండి ఆగింది. గోడ మీద కరెంటు ఫ్రీక్వెన్సీ చూపే మీటర్లో ముల్లు, ఎప్పుడూ ఉండాల్సిన యాభై నుంచి కిందికి జారింది. తిరుగుతున్న యంత్రాలు రొప్పుతూ కాసేపు మోశాయి. ఇంతలో కంట్రోల్ రూము నుంచి ఫోను. పెద్దమ్మ యంత్రం మొదటి పట్టుకే అందుకుంది. ఇంకో నాలుగు చోట్ల ఇలాంటివే అందుకున్నాయి. ముల్లు మళ్లీ యాభైకి ఎక్కింది. ఆసుపత్రిలో ఆపరేషను ఆగలేదు, ఊళ్లో ఒక్క దీపం ఆరలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు.

పైఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం మాత్రం వచ్చింది, ఆఫీసరు పేరున. సిగ్గులేని మనిషి, అదే హాల్లో చదివించి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇదంతా రాసి పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"చేత్తో మోయలేదురా. తోపుడుబండి మీద పెట్టి లిఫ్టులో దించాను. ఆయన్ని నెట్టలేదు. మెమో ఇంకా వెనక్కి తీసుకోలేదు, అది రాయి."