అరచేతిలో రాయని కబురు

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరి ఫిర్యాదు. అలాంటిదాన్ని, కెనడాలోని రెజైనాలో చదువుకునే రోజుల్లో నోటితో అస్సలు పనిలేని ఉద్యోగంలో చేరాను. చూపూ వినికిడీ రెండూ లేని ఒక పెద్దావిడకి కళ్లూ చెవులూ అరువివ్వడం ఆ ఉద్యోగం. అక్కడ ఇంటర్వీనర్ అంటారు.

అప్పుడు ఊళ్లో ఎక్కడ చూసినా మాలాంటి స్టూడెంట్లే. కాఫీ షాపులో ఒక్క కౌంటర్ జాబ్ ఖాళీ అయితే రెజ్యూమెలు పట్టుకుని మంచులో వీధి మలుపు దాకా నిలబడేవాళ్లం. ఈ పనికి మాత్రం మావాళ్లెవరూ అప్లై చేయలేదు. బేస్‌మెంట్‌లో నాతో ఉండే వరంగల్ అమ్మాయి విని పకపకా నవ్వింది.

"ఏందే, ఒకళ్ల చేతుల రాసుడు గూడ ఒక జాబా?"

"నీకు నోటితో చెప్పిందే బుర్రకెక్కదు, ఇదేం ఎక్కుద్దిలే," అన్నాను.

పని చూడ్డానికి సులువే. ఆవిడ అరచేతిలో నా చూపుడువేలితో ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకదాని మీద ఒకటి రాయాలి. మాట అయిపోతే ఒక్క క్షణం ఆగాలి. తప్పు రాస్తే పలక తుడిచినట్టు తుడిచేయాలి. ఆవిడకి చూపూ వినికిడీ నడివయసులో ఒకదాని వెనక ఒకటి పోయాయి కాబట్టి, జవాబు మాత్రం నోటితోనే, కాస్త గట్టిగా చెప్పేది. వెళ్లగానే చెయ్యి పట్టుకుని లాగకూడదు. నా చెయ్యి ఆవిడ చేతి కిందకి పోనిచ్చి ఆగితే, ఆవిడ వేళ్లు నా ఒంటిగాజును వెతుక్కునేవి. "వచ్చావా," అనేది. ఆవిడకి నా గుర్తు ఆ గాజే.

పేరుపెట్టి పిలవమంది. అంత పెద్దావిణ్ణి పేరుపెట్టి పిలవడానికి నాకు వేలు రాలేదు. ఆంటీ అని రాశాను. "నేను నీకెప్పుడు ఆంటీనయ్యాను?" అని నవ్వింది గానీ, తుడిచేయమనలేదు.

నాకు పని నేర్పిన మేడమ్ ఒకటే మాట పదేపదే చెప్పేది. "నీకు కనపడింది, వినపడింది చెప్పు. ఏం చేయాలో తను చూసుకుంటుంది. మధ్యలో నువ్వు జల్లెడ పట్టకు." బుద్ధిగా తలూపాను. తల ఊగిందే గానీ లోపలికి ఏమీ వెళ్లలేదని తర్వాత తెలిసింది.

ఆంటీకి ఒక స్నేహితురాలు ఉండేది. ఆమెకీ రెండూ లేవు. పుట్టుకతోనే వినికిడి లేదు కాబట్టి మాట కూడా రాదు. ప్రతి శనివారం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లేవాళ్లం. ఇద్దరూ సోఫాలో మోకాళ్లు తగిలేలా కూర్చుని, ఒకరి చేతిలో ఒకరు గంటల తరబడి రాసుకునేవారు. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి విరగబడి నవ్వేవారు. ఎందుకో నాకు తెలిసేది కాదు. నాకు కుళ్లు పుట్టేది కూడా. లాప్‌టాప్ తెరిచి నా అసైన్‌మెంట్ నేను చేసుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున్న తొమ్మిదింటికి, ఆంటీ ఇంట్లో ఉండగా నా ఫోన్ మోగింది. ఆ స్నేహితురాలి కొడుకు. "నిన్న అమ్మని హాస్పిటల్లో చేర్చాం. డాక్టర్లు రెండు రోజులకి మించి కష్టమంటున్నారు. ఇప్పటికైతే చేతిలో ఇంకా రాస్తోంది. ఆవిణ్ణి తీసుకురాగలవా?" అన్నాడు.

ఎదురుగా ఆంటీ టోస్ట్ మీద జామ్ రాసుకుంటోంది. కిటికీ బయట మంచుగాలి కొడుతోంది. మా వైపు ఇలాంటి కబురు ఎవరూ సూటిగా చెప్పరు. ముందు కాస్త నలతగా ఉందంటారు. మర్నాడు డాక్టర్లు చూస్తున్నారంటారు. మనిషిని ఒక్కొక్క మెట్టే దింపుతారు. అదే మంచితనం అనుకుంటూ పెరిగాను. ఆ మంచితనమే ఆవిడ అరచేతిలో రాశాను. మీ ఫ్రెండ్‌కి కాస్త నలతగా ఉందట, అని.

"అయ్యో. శనివారం సూప్ చేసి తీసుకెళ్దాం," అంది.

సరేనని రాశాను.

శుక్రవారం వెళ్లి నా చెయ్యి ఆవిడ చేతి కింద పెట్టాను. ఆవిడ గాజు తడమలేదు. నా చూపుడువేలు పట్టుకుంది.

"నీ వేలెప్పుడూ పరుగే. నిన్న నలత అన్న మాట దగ్గర మాత్రం నత్తలా నడిచింది. ఏం దాచావు?"

ఆవిడ అరచెయ్యి తుడిచాను. చనిపోతోంది, హాస్పిటల్లో ఉంది, అని రాశాను.

ఆవిడ అరవలేదు. లేచి, గోడకున్న కోటు కోసం తడుముకుంది. టాక్సీలో దారిపొడుగునా చేతులకున్న ఉన్ని తొడుగులు, ఆ మిటెన్లు, తీయలేదు. నాతో మాట్లాడొద్దని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది.

హాస్పిటల్ గదిలో ఆ కొడుకు మాకు కుర్చీలు జరిపి, ఎవరికో ఫోన్ చేయాలని బయటికి వెళ్లాడు. ఆంటీ మిటెన్లు తీసింది. స్నేహితురాలి చేతి కిందకి తన చెయ్యి పోనిచ్చి ఆగింది. తర్వాత ఏదో రాసింది. ఆగింది. మళ్లీ రాసింది. మంచం మీది వేళ్లు కదల్లేదు.

చాలాసేపటికి నా వైపు చెయ్యి చాపింది. నాతో ఎప్పుడూ నోటితోనే మాట్లాడే మనిషి, మొదటిసారి నా అరచేతిలో రాసింది. జవాబు లేదు. కొడుకు నీకు ఎప్పుడు చెప్పాడు? అని.

నిన్న నలతనే చెప్పాడు, చనిపోతోందని ఈ పొద్దున్నే చెప్పాడు అని రాసేస్తే సరిపోయేది. కొడుకు గదిలో లేడు. ఆవిడకి లోకమంతా నేను చెప్పినంత మేరే. ఆ సంగతి అంత గట్టిగా నాకు తెలిసింది అప్పుడే, భయం కూడా వేసింది.

నిన్న తొమ్మిదింటికి, అని రాశాను. అప్పటికి ఆమె ఇంకా రాస్తోంది. నేను మీకు చెప్పలేదు.

నా వేలి కింద ఆవిడ అరచెయ్యి బిగుసుకుంది. ఇక మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. నేను ఏడుస్తున్నాను, అని కూడా రాశాను. జాలి కోసం కాదు. ఆ గదిలో ఉన్నవాటిలో అదీ ఒకటి.

"నీ మీద కోపం ఇప్పట్లో పోదు," అంది ఆంటీ, ఈసారి నోటితోనే. "ముందు దాని ముఖం ఎలా ఉందో చెప్పు."

రాశాను. కళ్లు మూసుకుని ఉంది. నోరు కాస్త తెరిచి ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఆ తర్వాతది ఎందుకులే అని వేలు ఆగబోయింది. ఆగనివ్వలేదు. జుట్టు ఎవరూ దువ్వలేదు, ఒకవైపు ఉండకట్టింది, అని రాశాను.

"దువ్వలేదా? జుట్టు అలా ఉంటే అది మనుషుల్లోకే రాదు!"

ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లో తడిమి దువ్వెన తీసింది. "చిక్కు ఎటువైపు?" అంది. నా చెయ్యి ఆవిడ చేతి కిందకి పోనిచ్చి, ఆ చిక్కు దగ్గరికి తీసుకెళ్లాను.