హ్యాంగ్ అప్ అంటే కొక్కేనికి తగిలించడం

హ్యాంగ్ అప్ అంటే పొద్దున నువ్వు చెప్పినట్టు ఎర్ర బటన్ నొక్కడం కాదే, మనవరాలా. గోడ ఫోన్ల కాలంలో మాట్లాడటం అయ్యాక రిసీవరును కొక్కేనికి తగిలించేవాళ్లు. ఆ మాట అక్కడ పుట్టింది.

డెబ్బైల్లో ఆళ్లగడ్డ పోస్టాఫీసులో అలాంటి ఫోనే ఉండేది. నేనా ఊళ్లో టీచర్ని, మీ తాతకు నంద్యాలలో ఉద్యోగం. శనివారం ట్రంకాల్‌లో మాటలైపోయినా ఇద్దరం తగిలించకుండా ఒకరి ఊపిరి ఒకరం వింటూ నిలబడేవాళ్లం.

"తగిలిచ్చమ్మా, యెనక జనాలుండారు," అన్నాడొకసారి పోస్టుమాస్టరు.

"ముందు ఆడ ఆయప్పను తగిలిచ్చమను, సామీ!"

తాత పోయి ఏళ్లయింది. ఇవాళ నువ్వు "సరే అవ్వా" అని టక్కున కట్ చేస్తే, ఆ ఊపిరి కోసం చెవి ఫోనుకే ఆనించి కూర్చున్నాను.

ఇది చదివేవాళ్లూ, మీ ఇళ్లలో ముందు ఫోన్ పెట్టేసేదెవరో చెప్పండి. మనవరాలా, నువ్వు మాత్రం రేపు చార్జింగ్ నిండా పెట్టుకుని ఫోన్ చెయ్యి. నేను పెట్టేదాకా ఉండు.